గోడ మీద వరద గీత

మన స్కూలు పాత విద్యార్థుల కలయిక కమిటీ వాళ్ళు మూడుసార్లు ఫోన్ చేశారు, సావనీర్‌కి రెండు పేజీలు రాయండి సార్ అని. సార్ అన్నది మన క్లాసులో తాబేలని పిలుచుకున్నవాడే, వాడి నోట ఆ మాట వింటే మనసుకి ఎలాగో అయిపోయింది. తీరా కూర్చుంటే ఆరో క్లాసు నుంచి తొమ్మిది దాకా ఏమీ గుర్తు రావట్లేదు, ఎనిమిదో క్లాసులో ఏ గదిలో కూర్చున్నామో కూడా తెలీట్లేదు. పదో క్లాసు మాత్రం, అందులోనూ 1986 ఆగస్టు నుంచి ఆ డిసెంబరు దాకా, రోజువారీగా చెప్పగలను. అంతా సోషల్ మాస్టారి చలవే.

గోదావరి వరద తీశాక స్కూలు తెరిచిన రోజు గుర్తుందా. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు పోయిందట అని అందరం చెప్పుకునేవాళ్ళం, క్యూసెక్కు అంటే సెకనుకి ఒక ఘనపుటడుగు నీళ్ళని మనలో ఒక్కడికీ తెలీదు. బెంచీలు ఆరలేదు, గదంతా ఒండ్రు వాసన, సున్నం గోడ మీద నడుం ఎత్తున ఎర్రటి గీత. మాస్టారు పాఠం మొదలెట్టకుండా తలో సుద్దముక్కా చేతికిచ్చి ఊళ్ళోకి తోలేశారు, ఏ గోడ దగ్గర నేల నుంచి ఆ గీత ఎన్ని జానలుందో కొలిచి రమ్మని. లాకులగాడి ఇంటి దగ్గర మూడు జానలు, రామాలయం దగ్గర ఒకటి, కాలవగట్టు మీద ఇళ్ళకి అసలు గీతే లేదు, చెరువు వెనక పల్లంలో చూరు దాకా ఉంది. ఆ ఇళ్ళవాళ్ళు సామానంతా బయటేసి ఆరబెట్టుకుంటూనే మనకి కొలవడానికి చోటిచ్చారు, అది నేను ఇప్పటికీ మర్చిపోలేను. తిరిగొచ్చాక మాస్టారు బోర్డు మీద ఊరు గీసి, ఒకే లెక్క వచ్చిన చోట్లన్నీ కలిపారు. నీళ్ళు ఊరంతా ఒకే మట్టాన నిలబడ్డాయి, ఎత్తుపల్లాలున్నది మన నేలలోరా, ఇదే కాంటూరంటే, అన్నారు. మన దగ్గర కొండల్లేవని ఎవడన్నాడు, మీ కంటికి ఆనవు గాని నీళ్ళకి ఆనతాయి అన్నారు.

కాలవలన్నీ మెరక మీదుగా ఎందుకు పోతాయో, మురుగు కాలవలు పల్లంలోంచే ఎందుకు పోతాయో, 1847లో ఆనకట్ట మొదలెట్టిన కాటన్ దొర వాళ్ళు ఈ మట్టాలన్నీ ఎంత తిరిగి చూసుకోవాల్సి వచ్చిందో ఆ గంటలోనే చెప్పేశారు. ఇంజనీరింగులో నాలుగేళ్ళు చదివినా అంత స్పష్టంగా ఎవరూ చెప్పలేదు.

తర్వాత మ్యాపులు. మైదా ఉడకేసి పాత పంచె ముక్క మీద అతికించిన సర్వే ఆఫ్ ఇండియా షీట్లు, మడత విప్పితే కొంచెం పుల్లటి వాసన. 65 హెచ్‌లో మన ఊరున్న షీటు నిండా పొలాల పసుపు, కాలవల నీలం, ఊళ్ళ ఎరుపు. కాంటూరు చూపించే గోధుమరంగు గీత కోసం వెతుక్కోవాలి, ఏటిగట్టు వెంబడి మాత్రం 3ఆర్, 4ఆర్ అని చిన్న అంకెలు, చుట్టూ నేలకంటే గట్టు అన్ని మీటర్ల ఎత్తని. ఆ పక్కన 65 జిలో మారేడుమిల్లి కొండలున్న షీటు పరిచారు. షీటంతా గోధుమరంగు గీతలే, గీతకీ గీతకీ మధ్య 20 మీటర్ల ఎత్తు తేడా. మాస్టారండీ దీనికి చెదలు పట్టిందండీ అన్నాడు తాబేలు. మ్యాపు మీద రెండు సెంటీమీటర్లకి నేల మీద ఒక కిలోమీటరు, వంకర దారైతే దారం పరిచి కొలవడం. ఏటిగట్టు మీద వంద మీటర్లు కొలిచి ఎవడి అడుగులు వాడు లెక్కపెట్టుకున్నాం, కుడికాలు పడినప్పుడల్లా ఒకటి, నావి 68. ఇప్పటికీ సైట్‌లో నడుస్తుంటే లోపల లెక్క పడుతూనే ఉంటుంది.

డిసెంబరు చివర పదకొండు మందిమి మారేడుమిల్లి వెళ్ళాం, రాజమండ్రి, గోకవరం, రంపచోడవరం మీదుగా మూడు బస్సులు మారి. పులిహోర సంగతి అందరికీ తెలుసు కాబట్టి రాయట్లేదు. రెండో రోజు పొద్దున మంచు, ముందున్నవాడి వీపు కూడా ఆనట్లేదు. మ్యాపు బొండాం చేతిలో, కంపాస్ నా చేతిలో, మాస్టారు అందరికంటే వెనకాల. దారి చీలిన చోట మ్యాపులో గుడిసెలున్నాయి, అక్కడ చూస్తే ఏమీ లేవు, అడవి కొట్టి చేసే పోడు సేద్యం చోటు మారితే ఊరూ మారుతుందని అప్పుడు మనకేం తెలుసు. ఎడం పక్క దారి వెడల్పుగా ఉందని బొండాం అటు తిరిగాడు, నేనూ కంపాస్ చూడకుండానే సరే అన్నాను, మనం ఇక్కడున్నాం అని పెన్సిల్‌తో చుక్క కూడా పెట్టేశాం. గంట నడిచాం. మాస్టారు ఒక్క మాట అనలేదు. వెదుళ్ళ మధ్య వాగు చప్పుడు వినపడ్డాక అప్పుడడిగారు, వాగు ఎటు పారుతోందిరా అని.

దక్షిణానికి పారాలి, మనం పెట్టిన చుక్క ప్రకారం. ముల్లు చూస్తే నీళ్ళు ఉత్తరానికి పోతున్నాయి. నాకు కాళ్ళు చల్లబడిపోయాయి. అక్కడే రాయి మీద మ్యాపు పరిచి, ఆ పక్కల ఉత్తరానికి దిగే నీలం గీత ఎక్కడుందా అని తొమ్మిది వేళ్ళు ఒకేసారి వెతికాయి, దాని మీద గోధుమ గీతలు వి ఆకారంలో వంగి, మొన ఎగువకి చూపిస్తోంది. ఒక్కటే ఉంది, గట్టుకి అవతల. మంచులో మనకి తెలీకుండానే కొండ వెన్ను దాటేశాం! కాలవ ఎటు పారుతుందో పుట్టినప్పట్నుంచీ తెలిసిన పిల్లలం, ఆ నీళ్ళనే పట్టుకుని ఎగువకి ఎక్కి, వెన్ను మీద సన్నటి దారి అందుకుని మధ్యాహ్నానికి బయటపడ్డాం. కింద గూడెంలో ఒక కొండరెడ్డి పెద్దాయన పోసిన జావ, ఆయ్, అలాంటిది మళ్ళీ తాగలేదు.

నేను ఇరిగేషన్‌లో చేరి ఇప్పుడు ఎస్‌ఈగా, అంటే సూపరింటెండింగ్ ఇంజనీరుగా చేస్తున్నాను. 2006 వరద తర్వాత ఒక డ్రెయిన్ ఎటు తవ్వాలని రెండూళ్ళ మధ్య పెద్ద తగువు, ఆఫీసులో డ్రాయింగులు ఒకటి చెప్తున్నాయి, రైతులు ఇంకోటి. నేను ఇద్దరు కుర్ర అసిస్టెంట్ ఇంజనీర్లకి సుద్దముక్కలిచ్చి ఊళ్ళోకి పంపించాను, గోడల మీద గీతలు కొలిచి రండి అని. సాయంత్రానికి రెండూళ్ళ పెద్దలూ ఒకే కాగితం మీద చూసుకుని ఒప్పుకున్నారు. ఆ డ్రెయిన్ ఇవాళ్టికీ పారుతోంది.

మాస్టారు వస్తారట, కళ్ళు సరిగా ఆనట్లేదని వాళ్ళబ్బాయి చెప్పాడు. బొండాం, ఆ షీటు నీ దగ్గరే ఉండిపోయింది కదా, ఆ రోజు మర్చిపోకుండా తీసుకురా. మనం పెట్టిన తప్పు చుక్క దాని మీద ఇంకా ఉందేమో చూడాలి.