పాల కేంద్రం, పోయిన లాగ్‌లు

జూలై 11, ఉదయం 5:50. గుడివాడ దగ్గరి ఒక ఊళ్లో పాల కేంద్రం నడిపే బాబాయి గారి నుంచి ఫోను. "అమ్మా, స్లిప్పులు రావడం లేదు. ఇరవై మంది క్యాన్లు పట్టుకుని నిలబడ్డారు. పుస్తకంలో రాసుకోమంటావా?" రాసుకోండి బాబాయి గారూ అన్నాను. ఆ పూట ఆయన 63 మంది లెక్కలు చేత్తో రాసి, మధ్యాహ్నం కూర్చుని ఒక్కొక్కటీ యాప్‌లో ఎక్కించారు.

నేనూ నా స్నేహితురాలూ కలిసి నడిపే చిన్న యాప్ ఇది. పాల బరువు, వెన్న శాతం, ఎస్‌ఎన్‌ఎఫ్ (వెన్న కాక పాలలో ఉండే ఘనపదార్థాల శాతం) నమోదు చేస్తే ధర కట్టి స్లిప్పు ఇస్తుంది. 41 కేంద్రాలు, దాదాపు 2,600 మంది రైతులు. ఉదయం రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు పాలు పోస్తారు. ఆ నాలుగు గంటల్లో ఆగిపోయే యాప్ మిగతా ఇరవై గంటలు ఎంత బాగా నడిచినా ఎవరికీ అక్కరకు రాదు.

నేను కంప్యూటర్ తెరిచేసరికి సర్వర్ మళ్లీ లేచింది. యాప్‌ను విడిగా నడిపే పెట్టె లాంటి కంటైనర్ పాతది పోయి కొత్తది వచ్చింది, పాతదానితో పాటే దాని లాగ్‌లూ, అంటే ప్రోగ్రాం ఎప్పుడేం చేసిందో రాసుకునే వరుసలూ, పోయాయి. మిగిలిందల్లా ప్రోగ్రాం ఎలా ఆగిందో చెప్పే 137 అనే అంకె. సిగ్నల్‌తో ఆగిపోతే దాని నంబరుకు 128 కలిపి చూపిస్తారు. 128కి 9 కలిపితే 137, అంటే 9వ నంబరు సిగ్నల్‌తో సిస్టమ్ మా ప్రోగ్రాంను చంపేసింది. మాకున్న 512 మెగాబైట్ల మెమరీ దాటితే అలాగే జరుగుతుంది. ఆ సిగ్నల్ అందుకున్న ప్రోగ్రాంకు ఆఖరి మాట రాసుకునే వ్యవధి కూడా ఉండదు. ఏం చంపిందో తెలిసింది, అంత మెమరీ దేనికి కావలసివచ్చిందో తెలియలేదు. ఇల్లు తగలబడితే బీరువాలోని దస్తావేజులు కూడా కాలిపోయినట్టయింది మా పని.

ఆ వారమే లాగ్‌లనూ మెట్రిక్స్‌నూ (మెమరీ వంటి కొలతల అంకెలనూ) బయటికి పంపే ఏర్పాటు చేశాం. యాప్ పక్కన వేరే కంటైనర్‌లో ఓపెన్‌టెలిమెట్రీ కలెక్టర్ అనే, వీటిని పోగుచేసి పంపే ప్రోగ్రాం పెట్టాం. యాప్ చచ్చినా అది బతికి ఉంటుంది. 15 సెకన్లకు ఒకసారి మెమరీ, రిక్వెస్టులకు పట్టిన సమయం వంటి అంకెలు తీసుకుంటుంది, లాగ్ వరుసలను పోగుచేస్తుంది, అన్నింటినీ మరో చిన్న మెషీన్‌కు పంపుతుంది. అక్కడ అంకెలు దాచడానికి ప్రొమీథియస్, లాగ్‌లు దాచడానికి లోకీ, గ్రాఫులుగా చూసుకోవడానికి గ్రఫానా అనే ప్రోగ్రాంలు ఉన్నాయి. ఆ మెషీన్ కాసేపు అందకపోయినా కలెక్టర్ తన వరుసలో దాచుకుని మళ్లీ ప్రయత్నిస్తుంది, యాప్ మాత్రం దాని కోసం ఆగదు. పాలు పోసే మనిషి మా గ్రాఫుల కోసం ఎదురుచూడవలసి రావడం నాకు అసలు ఇష్టం లేదు.

మొదట్లో నేను ఒక పొరపాటు చేశాను. స్లిప్పుకు పట్టే సమయాన్ని రైతువారీగా చూడాలనిపించి, రైతు నంబరును లేబుల్‌గా, అంటే అంకెలను విడివిడిగా చూపే గుర్తుగా, పెట్టాను. ఎంత సమయంలోపు ఎన్ని స్లిప్పులు వచ్చాయో లెక్కపెట్టే ఒక హిస్టోగ్రాంలో, మా అమరిక ప్రకారం ఒక్కో లేబుల్‌కు 14 అంకెల వరుసలు ఉంటాయి. 2,600 మందికి అవి 36,400 అయ్యాయి, చిన్న మెషీన్ ఉక్కిరిబిక్కిరి అయింది. రైతు బదులు కేంద్రం పెడితే 574తో సరిపోయింది. ఎవరికి ఏం జరిగిందో వెతకాలంటే లాగ్ ఉంది, గ్రాఫుకు కేంద్రం చాలు.

జూలై 21 ఉదయం మళ్లీ అదే జరిగింది. ఈసారి చూడటానికి ఆధారం ఉంది. 5:30 దాకా మెమరీ గీత 140 మెగాబైట్ల దగ్గర నిలకడగా ఉంది. తర్వాత మెట్లు ఎక్కినట్టు 310, 395, 488. అక్కడితో చుక్కలు ఆగిపోయాయి. 512ను తాకిన చుక్క లేదు, 15 సెకన్ల విరామంలోనే ప్రాణం పోయింది. లాగ్‌లో చివరి వరుస: బిల్లు తయారీ, కేంద్రం 34. ఆ పని మొదలైన సమయం 00:00:00 అని ఉంది.

ఆ సున్నాలు చూశాక చాలాసేపు మాట్లాడలేకపోయాను. పది రోజుల బిల్లులు 1, 11, 21 తేదీల్లో, ఎవరికీ ఇబ్బంది లేని అర్ధరాత్రి తయారవ్వాలని నేనే రాశాను. సర్వర్ గడియారం యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) ఉంది. దానికి అర్ధరాత్రి అయితే మనకు తెల్లవారుజాము 5:30, సరిగ్గా క్యాన్లు వరుసలోకి వచ్చే వేళ. పైగా ఆ బిల్లు పని అన్ని కేంద్రాల లెక్కలనూ ఒకేసారి మెమరీలోకి లాగేది. జూన్ చివర తొమ్మిది కేంద్రాలు కొత్తగా చేరాయి. 1వ తేదీన వాటి లెక్కలు ఒకటి రెండు రోజులవే కాబట్టి గట్టెక్కింది, 11న పడిపోయింది.

ఇప్పుడు బిల్లుల పని మన రాత్రి 11:30కి మొదలవుతుంది, ఒక్కో కేంద్రం చొప్పున నడుస్తుంది. లాగ్‌లలో సమయం యూటీసీలోనే ఉంచాం, గ్రఫానాలో మాత్రం భారత సమయం చూపిస్తున్నాం. అంతకుముందు తేదీవారీగా లెక్క తీస్తే 5:10కి పోసిన పాలు నిన్నటి రోజులో, 5:40కి పోసినవి ఈ రోజులో పడేవి. అది కూడా అప్పుడే బయటపడింది.

ఒక విషయంలో చాలా జాగ్రత్తపడ్డాం. మా బిల్లు లాగ్‌లలో రైతుల ఫోను నంబర్లు, బ్యాంకు ఖాతా నంబర్లు పూర్తిగా రాసి ఉండేవి. మన సర్వర్ లోపల ఉన్నంతకాలం అది కంటికి ఆనలేదు. బయటికి పంపబోయేటప్పుడు వణుకు పుట్టింది. యాప్‌లోనే అవి రాయడం మానేశాం, ఏదైనా తప్పిపోతే చెరిపేయడానికి కలెక్టర్‌లో మరో జల్లెడ పెట్టాం. లాగ్‌లు చేరే ఆ చిన్న మెషీన్‌ను ముంబైలో తీసుకున్నాం, ఎందుకంటే 2022 ఏప్రిల్ 28 నాటి సెర్ట్-ఇన్ (దేశ సైబర్ భద్రతా సంస్థ) ఆదేశాలు లాగ్‌లను 180 రోజులు దేశ పరిధిలో ఉంచాలంటున్నాయి. ప్రొమీథియస్ తనంతట తాను 15 రోజులే దాచుతుంది, అంకెలకు మాకు అది చాలు.

కొత్త భయం ఒకటి మిగిలింది. అంతా పంపే కలెక్టరే ఆగిపోతే గీతలు మాయమవుతాయి, చెడు అంకె ఏదీ కనబడదు కాబట్టి హెచ్చరికా రాదు. అందుకని ఉదయం 5 తర్వాత రెండు నిమిషాలు కొత్త అంకె రాకపోతే నా ఫోను మోగేలా పెట్టాను. ఆగస్టు 1న 5:15కే లేచి కూర్చున్నాను. 6:10కి బాబాయి గారి కేంద్రం గీత 58 స్లిప్పుల దగ్గర ఉంది. ఫోను మోగలేదు.

కేంద్రాల్లోని ట్యాబ్‌లు నెట్ లేనప్పుడు తమ లాగ్‌లను తమలోనే ఉంచుకుంటున్నాయి. వాటిని ఇవతలికి తేవడం ఈ నెల పని.