మిక్సీ మళ్ళీ తిరిగింది

అత్తయ్య సూట్‌కేసులో బట్టల మధ్య చుట్టి తెచ్చిన మిక్సీ, పోయిన వారం కొబ్బరి పచ్చడి సగంలో ఉండగా ఆగిపోయింది. కాలిన వాసన. ఇక్కడ ఆమ్‌స్టర్‌డామ్‌లో బయట బాగు చేయించాలంటే దాదాపు కొత్తదాని ఖర్చు. పారేద్దామనుకుంటుంటే పక్కింటావిడ, పాడైన వస్తువులు తీసుకెళ్ళి బాగుచేసుకునే రిపేర్ కేఫ్‌కి పట్టుకెళ్ళమంది.

2009లో మార్టిన్ పోస్ట్‌మా అనే ఆవిడ మొదటిది పెట్టింది ఈ ఊళ్ళోనేనట. ఇప్పుడు చాలా దేశాల్లో ఉన్నాయి. బాగుచేసేవాళ్ళంతా వాలంటీర్లు. ఫీజు లేదు, తోచినంత డబ్బాలో వేయొచ్చు.

నేను మిక్సీ ఇచ్చేసి కాఫీ తాగుదామనుకున్నా. అక్కడి పెద్దాయన నా చేతికే స్క్రూడ్రైవర్ ఇచ్చి విప్పమన్నారు! లోపల మోటారుకి కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు అరిగి గోరంత మిగిలాయి. మూలమూలల్లో ఎప్పటిదో ఇడ్లీ పిండి, ఎండి రాయైపోయింది. అది చూసి ఆయన ఏమిటని అడిగితే, సిగ్గుతో సగం చెప్పి సగం మింగేశా.

కొత్త బ్రష్‌లు పెట్టాక స్విచ్ వేశాం. ఆ హోరుకి పక్క టేబుల్ దగ్గర ప్యాంటు జిప్పు కుడుతున్నావిడ ఉలిక్కిపడింది.

2024లో యూరోపియన్ యూనియన్, పాడైన వస్తువుల్ని తయారీదారులు బాగుచేసి ఇవ్వాలనే రిపేర్ హక్కు చట్టం తెచ్చింది. వాషింగ్ మెషీన్లు, ఫ్రిజ్‌లు, ఫోన్లు అందులో ఉన్నాయి. మన మిక్సీ ఎవరికి గుర్తొస్తుంది లెండి!

అత్తయ్యకి వీడియో కాల్‌లో చూపించా. "జార్ గాస్కెట్ కూడా మార్పించాల్సింది కదమ్మా" అన్నారు.