పాజిటివ్‌గా ఉండాలంటే ముందు పడుకోవాలి

మా బావమరిదికి ఇంకా పెళ్ళి కాలేదు. రోజూ పొద్దున్నే సూర్యోదయం బొమ్మ మీద ఒక మంచి మాట ఫ్యామిలీ గ్రూపులో పెట్టకపోతే వాడికి తెల్లారదు. మొన్నటిది పిల్లల గురించి. పసితనం మళ్ళీ రాదట, ప్రతి క్షణాన్నీ ఆస్వాదించాలట. అది నేను చదివే క్షణానికి మా చిన్నోడు రాగిజావ గిన్నె బోర్లించి, రెండు చేతులతో టీవీ స్టాండుని అలుకుతున్నాడు. పెద్దది యూనిఫాం వేసుకోనని మంచం కింద దూరింది. మా ఆవిడ నైట్ డ్యూటీ నుంచి ఇంకా రాలేదు. గ్రూపులో దండం బొమ్మ ఒకటి పెట్టేసి మంచం కిందకి వంగాను.

మాది ఖమ్మం. కాలేజీలున్న రోడ్డులో నాకో జిరాక్స్ షాపు ఉంది. డిగ్రీ సీట్ల కోసం దోస్త్ రిజిస్ట్రేషన్లు, ఇంజినీరింగ్ సీట్ల ఎప్‌సెట్ కౌన్సెలింగ్, ఆధార్ ప్రింట్లు, అన్నీ చేస్తాం. మా ఆవిడ స్టాఫ్ నర్సు. నైట్లు పడ్డప్పుడు రాత్రి ఎనిమిదికి వెళ్తుంది. పొద్దున ఎనిమిదికి డ్యూటీ దిగి, హ్యాండోవర్ ఇచ్చి ఇల్లు చేరేసరికి తొమ్మిది. పెద్దదానికి ఐదేళ్ళు నిండాయి, చిన్నోడికి ఏడాదిన్నర. అమ్మానాన్నలు ఊళ్ళో గేదెల్ని వదిలి రాలేరు. అత్తమ్మ మధిరలో ఉంటుంది, మోకాళ్ళ నొప్పులతో మా రెండో అంతస్తు ఎక్కలేదు. అంటే నైట్ల వారంలో రాత్రిపూట ఇంట్లో పెద్దమనిషిని నేనొక్కణ్ణే.

షాపుకొచ్చే ఒక తమ్ముడు ఈ మధ్యే తండ్రయ్యాడు. కళ్ళ కింద నల్లగా చారలు. "అన్నా, ఇద్దరు పిల్లల్తో ఇంత కూల్‌గా ఎట్లుంటున్నవ్?" అనడిగాడు. షాపు నిండా జనం, చెప్పడం కుదర్లేదు. ఆ జవాబే ఇది.

తమ్ముడూ, నేను కూల్ మనిషిని కాదు. ప్రింటర్లో కాగితం ఇరుక్కుంటే దాని వంశాన్నంతా తిట్టే రకాన్ని. కాకపోతే ఇప్పుడు నిద్రపోతున్నా. పెద్దది పుట్టిన కొత్తలో ఇద్దరం కలిసి మేలుకునేవాళ్ళం. అది ఏడవగానే ఇద్దరం లేచి కూర్చోవడం, ఒకరు ఎత్తుకుంటే ఇంకొకరు పక్కన నిలబడి సలహాలివ్వడం. ప్రేమ అనుకున్నాం. తెల్లారేసరికి ఇంట్లో ఇద్దరు పనికిరాని మనుషులు మిగిలేవాళ్ళు, ఇక ఆ రోజంతా ఉప్పు ఎక్కువైందని, తువ్వాలు ఆరెయ్యలేదని గొడవలే. చిన్నోడు పుట్టాక మా ఆవిడే హాస్పిటల్ పద్ధతి తెచ్చింది: షిఫ్టులు. తను ఇంట్లో ఉన్న రాత్రుల్లో రెండింటిదాకా తనది, ఆ తర్వాత నాది. డ్యూటీ లేనివాళ్ళు పక్క గదిలో తలుపేసుకుని పడుకోవాలి. ఏడుపు వినిపించినా రాకూడదు. ఈ ఆఖరి రూలు అలవాటవడానికి చాలా కాలం పట్టింది. నైట్ చేసి వచ్చిన రోజు తను పదింటికి పడుకుంటే రెండింటిదాకా ఆ గది వైపు ఎవరూ వెళ్ళరు. చిన్నోడు నాతో షాపుకొస్తాడు, కౌంటర్ కింద ఖాళీ పేపర్ బండిళ్ళ అట్టపెట్టెలతో ఆడుకుంటాడు. కౌన్సెలింగ్ కోసం వచ్చిన ఇంటర్ పిల్లలు వాణ్ణి ఎత్తుకుని తిప్పుతారు. వాళ్ళ టెన్షన్ కూడా కాస్త తగ్గుతుందనుకుంటా.

వరసగా ఐదారు గంటలు వీపు నేలకానితే మనిషి మళ్ళీ మనిషవుతాడు. పాజిటివ్ ఆలోచనలు, ధ్యానం, కృతజ్ఞతల డైరీ, అన్నీ ఆ తర్వాతే. డైరీ నేను మొదలుపెట్టలేదు. పెన్నులు చిన్నోడికి అందుతాయి.

ఇంకో రూలు నాకు నేనే పెట్టుకున్నా. సాయంత్రం ఆరు దాటాక పిల్లల గురించీ, నా పెంపకం గురించీ ఏ తీర్పూ ఇవ్వను. ఆరు నుంచి ఎనిమిదిన్నర దాకా మా ఇల్లు ఎలా ఉంటుందో చూస్తే ఎవరికీ పిల్లల్ని కనాలనిపించదు. పెద్దది స్కూల్లో రోజంతా బుద్ధిగా కూర్చుని, దాచుకున్న పేచీలన్నీ ఇంటికొచ్చి విప్పుతుంది. చిన్నోడికి ఆకలీ నిద్రా ఒకేసారి వస్తాయి, ఏది ముందో వాడికే తెలియదు. ఆ టైములో పెద్దదానికి అన్నం వద్దు, దోసె వద్దు, చివరికి అదే అడిగిన మ్యాగీ కూడా వద్దు. ‘దీన్ని సరిగ్గా పెంచట్లేదేమో’ అన్న ఆలోచన నాకు పొద్దున పదింటికి ఒక్కసారీ రాలేదు. వస్తే రాత్రి తొమ్మిదిన్నరకే వస్తుంది. అంటే అది పిల్ల గురించిన ఆలోచన కాదు, నా నడుము గురించిన ఆలోచన. పొద్దున లేచాక కూడా ఉంటే అప్పుడు చూద్దాం అనుకుని వదిలేస్తా. చాలావరకు ఉండదు.

అయితే నిద్రతో, షిఫ్టులతో తీరని రోజులుంటాయి. ఈ ఎండాకాలం చిన్నోడికి మోషన్స్ పట్టుకున్నాయి. వాంతులు కూడా. మా ఆవిడకి నైట్లు, నేను ఒక్కణ్ణి. మా అమ్మ ఫోన్లో "పళ్ళొస్తున్నాయిరా, అందుకే" అంది. మా ఆవిడ "పళ్ళకీ దీనికీ సంబంధం లేదు, ఓఆర్ఎస్ కలుపు బావా" అంది. పెద్ద ప్యాకెట్ లీటరు నీళ్ళకి, అంతా ఒకేసారి. సగం ప్యాకెట్, సగం గ్లాసు లెక్కలు వద్దు. కలిపినది ఒక్కరోజే వాడాలి, మర్నాడు కొత్తది. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి, మళ్ళీ చెంచాతో మెల్లగా. జింకు బిళ్ళ 20 మిల్లీగ్రాములది, చెంచా నీళ్ళలో కరిగించి రోజుకొకటి, మోషన్స్ ఆగిపోయినా 14 రోజులు. ఇవన్నీ తను వార్డులోంచి మెసేజ్‌లు పెడుతుంటే నేను బీరువా తలుపు మీద మార్కరుతో రాశాను. ఆ తలుపు మీద అప్పటికే జ్వరం మందు లెక్క ఉంది: ఇద్దరి బరువులు, ఎవరికి ఎన్ని ఎమ్మెల్, ఏ సీసాలోంచి. పారాసిటమాల్ సిరప్ 5 ఎమ్మెల్‌కి 120 మిల్లీగ్రాములు ఉన్నదీ, 250 ఉన్నదీ రెండూ దొరుకుతాయి. సీసా మారితే డోసు మారిపోతుంది. అర్ధరాత్రి నిద్రకళ్ళతో అది తల్లోంచి గుర్తు చేసుకోకూడదని తన వాదన.

మూడో రోజు మా నాన్న బస్సెక్కి వచ్చాడు, సంచిలో అట్టడబ్బా జ్యూసులు. "ఇవే కదరా ఓఆర్ఎస్" అన్నాడు పాపం. ఆయన తప్పేం లేదు. ఏళ్ళ తరబడి అలాంటి డబ్బాల మీద పెద్ద అక్షరాలతో ఆ పేరే ఉండేది. అసలు ఓఆర్ఎస్‌లో లీటరుకి గ్లూకోజు 13.5 గ్రాములే. ఆ డబ్బాల్లో చక్కెర దానికి ఎన్నో రెట్లు. మోషన్స్ అవుతున్న పిల్లాడికి అంత చక్కెర పోస్తే పేగుల్లోకి ఇంకా నీళ్ళు లాగి పరిస్థితి ఎక్కువవుతుంది. హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు దీనిమీద ఎనిమిదేళ్ళ పాటు కొట్లాడితే, 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ అలాంటి డ్రింకుల మీద ఆ పేరు వాడొద్దని ఉత్తర్వులిచ్చింది. ఆ వార్త వచ్చిన రోజు మా ఆవిడ ఇంట్లో సేమియా పాయసం చేసింది. మాకు తెలిసినవాళ్ళెవరో పెళ్ళి చేసుకున్నారేమో అనుకున్నా.

నాన్న వెంట అమ్మ పంపిన ఎండుమిరపకాయలు కూడా వచ్చాయి, దిష్టికి. మిర్చి మార్కెట్ ఉన్న ఊరికి పల్లెటూరి నుంచి మిరపకాయలు! మా ఆవిడ వద్దనలేదు. "తీస్తే తీయండి మామయ్యా, ఆ ఘాటు మాత్రం వాడి దగ్గరికి రానీకండి" అంది. నాన్న మెట్ల మీద స్టవ్ పెట్టి కానిచ్చాడు, కింది వాటా వాళ్ళంతా దగ్గారు.

ఆ రోజుల్లో మా ఆవిడ గంటకోసారి అడిగే ప్రశ్నలు రెండే. ఉచ్చ పోశాడా? ఏడిస్తే కన్నీళ్ళొస్తున్నాయా? అవి ఆగితే ఒంట్లో నీళ్ళు అయిపోతున్నట్టు, వెంటనే హాస్పిటల్‌కి తేవాలి. ఒక రాత్రి సాయంత్రం నుంచీ పక్క తడవలేదు. వాడు మగతగా పడుకున్నాడు, నేను చెంచా పట్టుకుని కూర్చున్నా. ఇక ఆగకూడదని, ఆటో పిలవడానికి వాణ్ణి ఎత్తుకుని లేచా. అప్పుడు నా లుంగీ మీద, వేడివేడిగా. నేను కేక పెడితే నాన్న ఉలిక్కిపడి లేచాడు. "ఉచ్చ పోశాడు నాన్నా!" "పోస్తే పోశాడు, దానికంత కేకెందుకురా?" అని మళ్ళీ పడుకున్నాడు. వార్డులో ఉన్న మనిషికి ఫోన్ చేస్తే అవతల నుంచి ఒక్క నవ్వు. మా పెళ్ళయ్యాక అంత హాయిగా తను నవ్వడం నేను పెద్దగా వినలేదు. బావమరిది చెప్పే ఆస్వాదించడం ఇదేనేమో, వాడికి పెళ్ళయ్యాక తెలుస్తుంది.

నాకు ఒక అన్యాయమైన లాభం కూడా ఉంది, చెప్పుకోవాలి. నేను పెద్దదానికి రెండు జడలు వేసి రిబ్బన్లు కట్టి స్కూలు గేటు దగ్గర దింపితే అక్కడ అమ్మలంతా "ఎంత ఓపికండీ మీకు" అంటారు. చిన్నోణ్ణి ఎత్తుకుని షాపు నడిపితే కస్టమర్లు టీ ఇప్పిస్తారు. అదే జడలు, నేను వేసినవాటికంటే చక్కగా, రాత్రంతా ఇరవైమంది పేషెంట్లని చూసి వచ్చి మా ఆవిడ వేస్తే ఎవరూ ఏమీ అనరు. పైగా "నైట్ డ్యూటీలు అవసరమా, పిల్లలు చిన్నోళ్ళు కదా" అంటారు. రోజుకి నాలుగు మెచ్చుకోళ్ళు ఊరికే వస్తుంటే మగవాడు పాజిటివ్‌గా ఉండటం గొప్పేం కాదు. అందుకని నాకొచ్చినవి ఏ రోజుకారోజు తనకి అప్పజెప్తా, అన్నవాళ్ళ పేర్లతో సహా. "సగం నీ దగ్గరుంచుకో" అంటుంది.

పెద్దది పుట్టిన మొదటి నెలల్లో మా ఆవిడ ఊరికే ఏడ్చేది. బాలింతకి మామూలే, సంతోషంగా ఉండాలమ్మా అని అందరూ చెప్పారు. కాన్పయ్యాక మొదటి పది పదిహేను రోజులు అలా ఉండి సర్దుకుంటే నిజంగా మామూలే. తనకి సర్దుకోలేదు. పిల్లని చూడబుద్ధి కావట్లేదని తనే నోరు తెరిచి చెప్పింది, డాక్టర్ని కలిశాం, మందులు వాడింది, బాగైంది. తమ్ముడూ, మీ ఇంట్లో అలా ఉంటే ‘పాజిటివ్‌గా ఉండు’ అని మాత్రం అనకు. డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళు. వెంటనే కుదరకపోతే మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్ టెలీ మానస్ ఉంది, నంబరు 14416, డబ్బులు పడవు, తెలుగులోనే మాట్లాడతారు.

రెండో అంతస్తుకి ఎందుకొచ్చామో చెప్పలేదు కదా. 2024 సెప్టెంబరు 1న మా ఊరి ఏరు మున్నేరు పొంగినప్పుడు మేం కింది వాటాలో అద్దెకుండేవాళ్ళం. తనకి కడుపులో చిన్నోడు. పిల్లని భుజాన వేసుకుని, తెలిసినవాళ్ళ మేడ మీదికెక్కాం. ఫ్రిజ్, మంచాలు, నేను షాపుకని కొని ఇంట్లో పెట్టిన కొత్త ప్రింటర్, అన్నీ బురదపాలు. ఆ నెల ఎలా గడిచిందో నాకు తల్చుకోబుద్ధి కాదు. పెద్దదానికి అప్పటికి నాలుగేళ్ళు కూడా నిండలేదు. ఇప్పుడు స్కూల్లో ఫ్రెండ్స్‌కి ఏం చెప్తుందంటే, "మేం ఒకసారి అందరం ఒకే రూములో పడుకున్నాం, అన్నం బదులు బిస్కెట్లు తిన్నాం, మా డాడీ అస్సలు తిట్టలేదు." మళ్ళీ వరద ఎప్పుడొస్తుందని నన్నడిగింది ఆ మధ్య.

వచ్చే బుధవారం ఇద్దరికీ టీకాలు. చిన్నోడికి 16 నుంచి 24 నెలల మధ్య వేసేవి: తట్టు, రుబెల్లా రాకుండా ఎంఆర్ రెండో డోసు, కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం రాకుండా డీపీటీ బూస్టరు, పోలియో చుక్కలు. పెద్దదానికి ఐదేళ్ళ డీపీటీ. ముందే చెప్పాలన్నది మా ఆవిడ సిద్ధాంతం, అబద్ధం చెప్పి తీసుకెళ్తే ఇంకోసారి ఏ మాటా నమ్మరంటుంది. సరేనని నిన్న రాత్రి, అదీ ఆరు దాటాక, చెప్పాను. పెద్దది కాసేపు ఆలోచించి బేరానికి దిగింది.

"తమ్ముడికి ఎన్ని సూదులు?"

"రెండు."

"నాకు?"

"ఒకటే."

"అది కూడా వాడికే వేయించు డాడీ. నేను పట్టుకుంటా."