ఇంటిదొంగ

మంగళవారం. ఆఫీసులో అడుగుపెట్టగానే అకౌంట్స్ చూసే ఆవిడ ఎదురొచ్చారు. "నెట్ మళ్లీ పోయిందండీ. మాకు ముగ్గురికే రావడం లేదు, మిగతావాళ్లకు బాగానే ఉంది" అన్నారు. ఆ రెండో మాట దగ్గరే నేను ఆగి ఆలోచించి ఉండాల్సింది. ఆగలేదు. అలవాటైన వైద్యం ఒకటుంది కదా, రౌటర్‌నూ, కంప్యూటర్ల కేబుళ్లన్నీ వచ్చి కలిసే స్విచ్ అనే పెట్టెనూ ఆపి మళ్లీ వేశాను.

నెట్ రాని కంప్యూటర్లు మూడు కాస్తా ఏడయ్యాయి. ఉన్నవే పదకొండు.

నెట్‌వర్క్ చూడటం నా ఉద్యోగం కాదు. ఎప్పుడో ప్రింటర్ బాగుచేసిన పాపానికి ఈ పని నా మెడకు చుట్టుకుంది. కనెక్షన్ ఇచ్చిన సంస్థకు ఫోన్ చేసి కాస్త గట్టిగానే మాట్లాడాను. అవతలి అబ్బాయి విసుక్కోకుండా, "స్విచ్‌కు వెళ్లే కేబుల్ తీసేసి, లాప్‌టాప్ నేరుగా రౌటర్‌కు తగిలించి చూడండి సార్" అన్నాడు. నెట్ శుభ్రంగా వచ్చింది. "అయితే సమస్య మీ లోపలే ఉంది సార్." ఒప్పుకోవడానికి మనసు రాలేదు.

మధ్యాహ్నం దాకా కేబుళ్ల మీద పడ్డాను. క్లిప్పు విరిగిన కేబుల్ ఒకటి కనిపిస్తే ముద్దాయి దొరికినంత సంబరపడి మార్చాను. ఏమీ మారలేదు. పింగ్ కొడితే, అంటే కంప్యూటర్ నుంచి పలకరించి చూస్తే, గేట్‌వే (బయటికి దారి చూపే రౌటర్) పలుకుతోంది, బయట ఉన్న గూగుల్ సర్వర్ 8.8.8.8 పలకడం లేదు. ఇంకేం, తప్పు బయటిదేనని మళ్లీ తీర్మానించుకున్నాను.

మూడింటికి, వేరే దారి లేక, నెట్ వస్తున్న కంప్యూటర్‌లోనూ రానిదానిలోనూ కంప్యూటర్ అడ్రస్, గేట్‌వే చూపించే ఐపీకాన్ఫిగ్ కమాండ్ కొట్టి రెండు తెరలూ పోల్చి చూశాను. నెట్ వస్తున్నదాని గేట్‌వే మా రౌటర్, 192.168.1.1. రానిదానిది 192.168.0.1. ఉదయం నుంచి ఈ తెరను ఎన్నిసార్లు చూశానో! అంకెలు ఉన్నాయా లేవా అని చూశానే తప్ప, ఏ అంకెలో చదవలేదు. నేను పింగ్ కొట్టింది అసలు మా గేట్‌వేకు కాదు.

కంప్యూటర్ నెట్‌వర్క్‌లోకి రాగానే "నాకో అడ్రస్ ఇచ్చేవాళ్లున్నారా" అని అందరికీ వినబడేలా అడుగుతుంది. డీహెచ్‌సీపీ అంటే అదే. ఇచ్చేవాళ్లు ఇద్దరుంటే సాధారణంగా ముందు పలికినవాళ్ల మాటే చెల్లుతుంది. పొద్దున నేను రెండూ ఆపి వేసినప్పుడు స్విచ్ క్షణాల్లో లేచింది, రౌటర్‌కు రెండు నిమిషాలు పట్టింది. ఆ రెండు నిమిషాలూ రెండోదానిదే రాజ్యం.

ఆ రెండోది ఎవరో చూద్దామని 192.168.0.1ను బ్రౌజర్‌లో కొట్టాను. తెరుచుకున్న లాగిన్ పేజీ తెలిసిన ముఖమే. మీటింగ్ గదిలో వైఫై అందడం లేదని రెండు నెలల క్రితం నేనే తెచ్చి టీవీ వెనక పెట్టిన పాత రౌటర్! అప్పుడు కేబుల్‌ను లోపలి నెట్‌వర్క్ కోసం ఉండే లాన్ పోర్టుకే ఇచ్చాను, డీహెచ్‌సీపీ ఆపాను. మరి? వెళ్లి చూస్తే దాని పక్కనే, నిటారుగా సాగదీసిన పేపర్ క్లిప్పు ఒకటి పడి ఉంది. వైఫై నెమ్మదించిందని నిన్న ఎవరో పుణ్యాత్ములు రీసెట్ రంధ్రంలో పొడిచారు. అది ఫ్యాక్టరీ నాటి బుద్ధికి తిరిగిపోయి, తనకే బయటికి దారి లేకపోయినా అడిగినవాళ్లందరికీ అడ్రసులు దానం చేస్తూ కూర్చుంది. దాని కంపెనీ పేరు వైఫై జాబితాలో ఉదయమే కనిపించింది కూడా. పై అంతస్తువాళ్లదేమో అనుకున్నాను.

డీహెచ్‌సీపీ ఆపి, దాని అడ్రస్ 192.168.1.2గా మార్చి, రంధ్రం మీద టేపు అంటించాను. ఏడు కంప్యూటర్లూ కొత్త అడ్రస్ తీసుకున్నాయి.

ఐదింటికి ఆ అబ్బాయే ఫోన్ చేశాడు. "ఇప్పుడెలా ఉంది సార్? లోపల ఏమైనా దొరికిందా?"

క్లిప్పు విరిగిన కేబుల్ ఇంకా నా టేబుల్ మీదే ఉంది. "కేబుల్ పోయిందండీ, మార్చేశాం" అన్నాను.