చివర్లో ఉండాల్సిన ఆ చిన్న గీత

కోఠి గుజరాతీ గల్లీలో రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్ బోర్డు కొన్నాను. దానికి తగిలించిన సెన్సార్ డ్రైవర్ కోసం లినక్స్ కెర్నల్‌ను (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయను) మళ్లీ బిల్డ్ చేయాల్సి వచ్చింది. బోర్డు మీదే కంపైల్ (కోడ్‌ను ప్రాసెసర్‌కు అర్థమయ్యే రూపంలోకి మార్చే పని) పెట్టి పడుకున్నా. అర్ధరాత్రి వాన పడింది, కూకట్‌పల్లిలో కరెంటు పోయింది. పొద్దున చూస్తే పని సగంలో ఉంది.

ల్యాప్‌టాప్‌లో అయితే తొందరగా అయిపోతుంది. కానీ అది ఎక్స్86, బోర్డేమో ఆర్మ్64. ఇలా ఒక రకం ప్రాసెసర్ మీద కూర్చుని ఇంకో రకానికి కోడ్ తయారు చేయడమే క్రాస్ కంపైలింగ్. కెర్నల్‌కు చెప్పాల్సినవి రెండే: 'ఆర్చ్'లో ఏ ప్రాసెసరో, 'క్రాస్_కంపైల్'లో కంపైలర్ పేరుకు ముందుండే ముక్క. ఇంతేనా అనుకున్నా. నాలుగు సాయంత్రాలు పోయాయి.

మొదటిది ఇచ్చి రెండోది మరిచాను. ల్యాప్‌టాప్‌లో ఉన్న జీసీసీ అనే కంపైలర్‌కే పని పడింది, ఆర్మ్ కోసం ఇచ్చే 'లిటిల్ ఎండియన్' ఆప్షన్ ఏంటో నాకు తెలియదంది. రెండోదీ ఇస్తే అసలు కంపైలరే లేదంది. ఆఫీసులో సీనియర్ అన్నకు స్క్రీన్ చూపించాను.

"చివర గీత ఏది తమ్మీ?" అన్నాడు.

'గ్నూ-' అని ముగియాల్సిన ఆ ముక్క పక్కనే 'జీసీసీ' అని అతికిస్తారంతే. చివర అడ్డగీత లేకపోతే పేరు 'గ్నూజీసీసీ' అని ముగిసే లేని ప్రోగ్రామ్‌ను వెతుకుతుంది.

ఆ ముక్కను మెనూకాన్ఫిగ్‌లో (కెర్నల్ ఆప్షన్లు ఎంచుకునే మెనూలో) రాసి పెట్టుకోవచ్చని ఏదో పాత నోట్సులో చదివి, మెనూలన్నీ గాలించాను. దొరకలేదు. 2018లో ఆ ఆప్షన్ తీసేశారట. అప్పటి నుంచి కాన్ఫిగ్ మెనూ తెరుచుకునేటప్పుడే కంపైలర్‌ను పిలిచి, దానికి ఏమేం వచ్చో పరీక్షిస్తుంది. కంపైలర్ ఏదో ముందే తెలియాలి కాబట్టి దాని పేరు ఆ మెనూలోనే పెడతానంటే కుదరదు.

అంటే ఆ రెండు మాటలూ కెర్నల్ ఎక్కడా గుర్తుపెట్టుకోదు, ప్రతిసారీ మనమే చెప్పాలి. నా కొంప ముంచింది అదే. కొత్త టెర్మినల్ తెరిచి, ఏమీ ఇవ్వకుండా మెనూకాన్ఫిగ్ కొట్టి సేవ్ చేశాను. ఎంచుకున్న ఆప్షన్లన్నీ ఉండే కాన్ఫిగ్ ఫైల్ కాస్తా ఎక్స్86ది అయిపోయింది! ఫైల్ పైన కామెంట్‌లో 'లినక్స్/ఎక్స్86' అని చూసి గుండె జారింది. పాత కాపీ '.ఓల్డ్' పేరుతో పక్కనే ఉంది కాబట్టి బతికిపోయా. ఇంకేదైనా మార్చి మళ్లీ సేవ్ కొట్టి ఉంటే అదీ పోయేది.

తర్వాత ఆ రెండు మాటలనూ ఎక్స్‌పోర్ట్ చేసి (ఆ టెర్మినల్‌లో కొట్టే కమాండ్లన్నిటికీ అందేలా పెట్టి) ధీమాగా ఉన్నా. మాడ్యూల్స్ (కెర్నల్‌కు విడిగా తగిలించే ముక్కలు) పెట్టడానికి సుడో (అడ్మిన్ హక్కులతో నడిపే కమాండ్) వాడాను. సుడో మనం ఎక్స్‌పోర్ట్ చేసినవాటిని మామూలుగా లోపలికి రానివ్వదు. మాడ్యూల్స్‌ను బోర్డు ఎస్‌డీ కార్డులో పెట్టమని ఎక్స్‌పోర్ట్ చేసిన దారి కూడా అలాగే ఎగిరిపోయి, ఆర్మ్ మాడ్యూల్స్ మొత్తం నా ల్యాప్‌టాప్ 'లిబ్' ఫోల్డర్‌లో దిగాయి. చెత్త ఏరినట్టు ఏరుకున్నా.

ఇప్పుడు అన్నీ ఒక చిన్న స్క్రిప్టులో పెట్టాను. మేక్ (బిల్డ్ నడిపే కమాండ్) నేరుగా కొట్టను, ఆ స్క్రిప్టునే పిలుస్తాను. సుడో కూడా దాని లోపలే, వేరియబుల్స్ (ఆర్చ్, క్రాస్_కంపైల్, కార్డు దారి) మేక్ పక్కనే రాసి. బిల్డ్ ఫైళ్లు సోర్స్‌లో కలవకుండా 'ఓ' ఆప్షన్‌తో వేరే ఫోల్డర్‌కు పంపుతున్నా.

ఆదివారం బోర్డు బూట్ అయింది. ఏ కెర్నల్ నడుస్తోందో చెప్పే యూనేమ్ కొడితే నా కెర్నలే. వెర్షన్ చివర నేను పెట్టిన 'కేపీహెచ్‌బీ' (కూకట్‌పల్లిలో కాలనీ పేరు) కూడా ఉంది, నంబరుకు అతుక్కుపోయి. దాని ముందు గీత పెట్టడం మరిచాను.