రిజిస్టర్‌లో గోలీ, నోట్లో గోలీ

మా నల్లగొండ జిల్లా బళ్లలో ఆరోగ్య కార్యక్రమాలకు కొదవ లేదు. ఫిబ్రవరిలో, ఆగస్టులో నులిపురుగుల గోలీ, పళ్లకు గార పట్టిందా అని చూసే ఫ్లోరోసిస్ వాళ్లు, పిల్లలకు రోగాలేమన్నా ఉన్నాయా అని పరీక్షించే ఆర్‌బీఎస్‌కే డాక్టర్లు, రక్తహీనత రాకుండా వారం వారం ఐరన్ గోలీ. ఇవన్నీ ఎట్లా అమలవుతున్నాయో చూసే బృందంలో నేనొకదాన్ని. దేవరకొండ, మర్రిగూడ వైపు హైస్కూళ్లలో ఐరన్ గోలీ సంగతి నా వంతుకు వచ్చింది.

నీలం రంగు గోలీ. అందులో 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. ఆరో తరగతి నుంచి పిల్లలు వారానికి ఒకటి, అన్నం తిన్నాక, టీచర్ చూస్తుండగా మింగాలి.

మొదట వెళ్లిన బళ్లో రిజిస్టర్ కడిగిన అద్దంలా ఉంది. ఏ వారం చూసినా అందరికీ టిక్కే. పక్కన హాజరు పట్టీ పెట్టుకుని పేరుపేరునా సరిచూశాను. అవి పత్తి ఏరే రోజులు. తొమ్మిదో తరగతి ఆడపిల్లలు కొందరు వరసగా వారాల తరబడి బడికే రాలేదు. వాళ్లకూ టిక్కు పడింది. ఆ లెక్కన ఎప్పుడో అయిపోవాల్సిన గోలీలు బీరువాలో కట్టలు కట్టలుగా ఉన్నాయి. సార్లు కావాలని మసిపూసి మారేడుకాయ చేశారని నేననను. తక్కువ అంకె పంపితే "మిగతావాళ్లేరి" అని పైనుంచి ఫోనొస్తుంది, నూటికి నూరు పంపితే రాదు. ఎవరైనా ఏం చేస్తారు?

సారు పక్కనుండగా "గోలీలు మింగుతున్నారా" అంటే పిల్లలంతా ఒక్క గొంతుతో "మింగుతున్నం మేడం" అంటారు. ఆ జవాబు రాసుకోవడం దండుగ. మధ్యాహ్నం అన్నాలయ్యాక నల్లాల దగ్గరికి పోయి నిలబడ్డాను. పళ్లాలు కడిగే మోరీలో, మెతుకుల మధ్య, సగం కరిగిన గోలీలు. వాటి చుట్టూ సిమెంటు మీద నీలం మరకలు. ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె నా చూపు పసిగట్టి నవ్వింది. "కడుపుల తిప్పుతది మేడం. దొడ్డికి నల్లగొస్తది. మా అమ్మ భయపడి వద్దన్నది." ఐరన్ తింటే విరేచనం నల్లగా రావడం మామూలేనని ఆ పిల్లకు గానీ, వాళ్లమ్మకు గానీ ఎవరూ చెప్పలేదు. గోలీ చేరింది, మాట చేరలేదు.

ఇంకో బళ్లో గోలీ పొద్దున మొదటి పీరియడ్‌లోనే ఇస్తున్నారు. ఎందుకని అడిగితే, అన్నాలయ్యాక పిల్లలు చెట్టుకొకరు పుట్టకొకరు అవుతారని, పొద్దునైతే అందరూ కళ్లముందే ఉంటారని అక్కడి మేడం చెప్పింది. ఆమె మాటలో న్యాయముంది. కానీ చాలామంది పిల్లలు పొద్దున ఏమీ తినకుండా వస్తారు, పరగడుపున ఐరన్ వేసుకుంటే వికారం ఎక్కువ. సెలవొచ్చిందని గోలీని మరునాటికి మార్చుకుంటే నేను సరే అంటాను, దీన్ని మాత్రం ఒప్పుకోను. ఆమెకు అదే చెప్పాను. తర్వాత ఆమె మధ్యాహ్నం పిల్లల్ని వరండాలో బంతికి కూర్చోబెట్టి, వాళ్లు లేవకముందే ఇచ్చి, తనూ ఒకటి మింగడం మొదలుపెట్టింది. ఆ పూట మోరీ చూశాను, గోలీలు లేవు.

రిపోర్టులో 'ఇచ్చినవి', 'మింగినవి' అని రెండు గడులు పెట్టాను. రెండో గడిలో నేను కళ్లారా చూసినవి మాత్రమే రాశాను, అంకె బాగా తగ్గింది. మీటింగులో ఒక అధికారి "ఇది మన జిల్లాకు చెడ్డపేరు కదమ్మా" అన్నారు. తెలంగాణలో ఆడవాళ్లలో సగానికి పైగా రక్తహీనత ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఎన్నడో చెప్పింది సార్, పేరు చెడడానికి ఇంకేముంది అన్నాను. కాసేపు గొణుగుళ్లు. చివరికి రెండో గడి ఉంచారు. గోలీ ఇచ్చిన రోజు హాజరు ఎంతో కూడా పక్కనే రాయాలన్నారు. ఆ సలహా నాది కాదు, వెనక వరసలో కూర్చున్న ఒక ఏఎన్ఎం, అంటే ఊళ్లో తిరిగే ప్రభుత్వ నర్సమ్మ, ఇచ్చింది.