వెలిగే బల్బు నిరోధం ఎంత? కొలిచి లెక్కగట్టిన నా అనుభవం

మల్టీమీటర్‌ని ఓమ్‌ల మీద పెట్టి 12 వోల్టుల, 21 వాట్ల ఫిలమెంట్ బల్బును కొలిస్తే 0.7 చూపించింది. ప్రోబ్‌లు రెండూ ఒకదానికొకటి తాకించినా 0.2 చూపిస్తోంది కాబట్టి అంతమేరకు వైర్లదే. అది తీసేస్తే బల్బు నిరోధం 0.5 ఓమ్. బల్బు మీద రాసిన అంకెలతో లెక్క వేస్తే మాత్రం సంగతి వేరుగా ఉంది. 21ని 12తో భాగిస్తే 1.75 ఆంపియర్లు. 12ని ఆ 1.75తో భాగిస్తే దాదాపు 6.9 ఓమ్‌లు. ఒకే బల్బుకి ఇంత తేడానా? బల్బు వెలుగుతున్నప్పుడే వోల్టేజీ, కరెంటు రెండూ కొలిస్తే తప్ప తేలదనిపించింది.

లెక్క చాలా చిన్నది. వోల్టేజీని కరెంటుతో భాగిస్తే నిరోధం, రెండింటినీ గుణిస్తే పవర్. అసలు పనంతా కొలవడంలోనే ఉంది.

కరెంటు కొలిచే మీటర్ సిరీస్‌లో ఉండాలి, అంటే బల్బులోకి వెళ్లే కరెంటంతా దానిలోంచే పోవాలి. ఎర్ర ప్రోబ్‌ని 10 ఆంపియర్ల సాకెట్‌లో పెట్టాను. మిల్లీఆంపియర్ల సాకెట్‌లో పెడితే లోపలి ఫ్యూజు పోతుంది. వోల్టేజీకి వేరే మీటర్ తీసుకుని, సరిగ్గా బల్బు రెండు కొనల దగ్గరే తాకించాను. ఇది ముఖ్యం. సప్లై దగ్గర 12.2 వోల్టులు ఉంటే బల్బు దగ్గర 12.0 మాత్రమే వచ్చింది. మిగతా 0.2 వైర్లు, కరెంటు మీటరు కలిసి తినేస్తున్నాయి. వోల్టు మీటరు నిరోధం 10 మెగాఓమ్‌లు కాబట్టి అది లాక్కునే కరెంటు లెక్కలోకి రాదు.

రెండు రీడింగులూ ఒకే సమయంలో తీసుకోవాలి, సప్లై నిలకడగా ఉండాలి. బ్యాటరీ అయితే లోడ్ పెట్టగానే వోల్టేజీ దిగుతూ పోతుంది. వోల్టేజీ, కరెంటు, నిరోధాల సంబంధం కనిపెట్టిన జర్మన్ శాస్త్రవేత్త జార్జ్ సైమన్ ఓమ్‌కి కూడా ఇదే ఇబ్బంది వచ్చింది. ఆయన బ్యాటరీలు వదిలేసి, ఒక కొన మరిగే నీళ్లలో, ఇంకో కొన మంచులో ఉంచిన థర్మోకపుల్‌తో (రెండు వేర్వేరు లోహాలు కలిపి, కొనల వేడి తేడాతో నిలకడగా కరెంటు పుట్టించే ఏర్పాటు) ప్రయోగాలు చేశాడు. ఆ ఫలితాల ఆధారంగానే 1827లో తన సూత్రాన్ని పుస్తకంగా ప్రచురించాడు. మీటర్లు, సప్లై అన్నీ సిద్ధంగా దొరికే మనకి ఇది తేలికే గానీ, ఆ రోజుల్లో అంత ఓపికగా కొలిచిన మనిషంటే నాకు చాలా గౌరవం.

ముందు 10 ఓమ్‌ల, 10 వాట్ల రెసిస్టర్‌తో మొదలుపెట్టాను. తగిలించేముందే అది ఎంత వోల్టేజీ తట్టుకోగలదో చూసుకున్నాను. వోల్టేజీ వర్గాన్ని నిరోధంతో భాగిస్తే పవర్ వస్తుంది కాబట్టి 10 వోల్టుల దగ్గరే 10 వాట్లు అయిపోతాయి. 12 పెడితే 14.4 వాట్లు, కాలిపోయే ప్రమాదం. అందుకే 6 దగ్గరే ఆపాను. 3 వోల్టులకి 0.30 ఆంపియర్లు, 0.9 వాట్లు. 6 వోల్టులకి 0.60 ఆంపియర్లు, 3.6 వాట్లు. నిరోధం రెండుచోట్లా 10 ఓమ్‌లే. వోల్టేజీ రెట్టింపయితే పవర్ నాలుగు రెట్లయింది.

తర్వాత బల్బు. 3 వోల్టుల దగ్గర 0.82 ఆంపియర్లు, అంటే దాదాపు 3.7 ఓమ్‌లు. 6 దగ్గర 1.20 ఆంపియర్లు, 5 ఓమ్‌లు, 7.2 వాట్లు. 12 దగ్గర 1.76 ఆంపియర్లు, 6.8 ఓమ్‌లు, 21.1 వాట్లు. వోల్టేజీ 6 నుంచి 12కి పెంచితే పవర్ నాలుగు రెట్లు కాలేదు, మూడు రెట్ల దగ్గరే ఆగింది. ఫిలమెంట్ టంగ్‌స్టన్‌తో చేసింది, వేడెక్కేకొద్దీ దాని నిరోధం పెరిగిపోతుంది. చల్లగా ఉన్నప్పటి 0.5 నిజమే, వెలుగుతున్నప్పటి 6.8 కూడా నిజమే. బల్బు నిరోధం చెప్పాలంటే ఏ వోల్టేజీ దగ్గరో కూడా చెప్పాలి. స్విచ్ వేసిన క్షణంలో కరెంటు ఒక్కసారిగా ఎగబాకేదీ, ఫిలమెంట్ బల్బులు ఎక్కువగా స్విచ్ వేసినప్పుడే పోయేదీ ఇందుకే.

చిన్న పరికరాలు కొలిచేటప్పుడు యూనిట్ల దగ్గర కాస్త ఆగాలి. 5 వోల్టులకి 20 మిల్లీఆంపియర్లు వస్తే ముందు దాన్ని 0.020 ఆంపియర్లుగా మార్చుకోవాలి. అప్పుడు 250 ఓమ్‌లు, 0.1 వాట్ వస్తాయి. మార్చకుండా 5ని 20తోనే భాగిస్తే పావు ఓమ్ అని వస్తుంది, అది అసాధ్యమని చూడగానే తెలియాలి.

ఇదంతా తక్కువ వోల్టేజీ డీసీ మీద చేసింది. ఇంటి కరెంటు మీద ఇలా ప్రోబ్‌లు తగిలించి ప్రయోగాలు చేయకండి, ప్రాణానికి ప్రమాదం. పైగా మోటార్లలాంటి వాటికి ఏసీలో వోల్టులని ఆంపియర్లతో గుణిస్తే వాట్లు రావు, పవర్ ఫ్యాక్టర్‌తో (ఆ గుణకారంలో నిజంగా పవర్‌గా ఖర్చయ్యే వంతు) కూడా గుణించాలి. అక్కడ వాట్‌మీటర్ వాడటమే సరైన దారి.